వెనక గేటు

ఉప్పల్‌లో ఓట్ల లెక్కింపు మధ్యాహ్నానికే ముగిసింది. అచ్యుతరావు ఓడిపోయారు.

కొద్ది తేడాతోనే.

ఇంటికి వచ్చి, చెప్పులు విడవకుండానే కుర్చీలో కూర్చున్నారు. నాచారంలోని ఆ కాలనీ సంఘానికి ఆయన అధ్యక్షుడు. ఈసారి ఏ పార్టీ అండా లేకుండా కార్పొరేటర్‌గా నిలబడ్డారు.

మొన్న పోలింగు కాలనీ కమ్యూనిటీ హాల్లోనే జరిగింది. కాలనీకీ, గోడ వెనక ఉన్న చర్చి బస్తీకీ అదే కేంద్రం. ఆ ఉదయం వెనక గేటుకు తాళం వేయించింది ఆయనే.

"మంచి పని చేశారండీ," అంది పక్కింటి మంగతాయారు. "ఆ బస్తీ జనమంతా మన ముంగిళ్ళ మీదుగా నడిస్తే ఎలా?"

"వాళ్ళ ఓట్లు నాకెలాగూ పడవు లెండి. బిర్యానీ పెట్టినవాళ్ళకే పడతాయి."

ఎండెక్కేసరికి గేటు అవతల ఒక ముసలాయన వచ్చి నిలబడ్డాడు. తెల్ల చొక్కా, చేతికర్ర. వెనక ఆడవాళ్ళు, పెద్దవాళ్ళు చాలామంది.

"తాళం తియ్యున్రి సార్. ఓటేసి పోతం."

"మెయిన్ గేటు ఉందిగా."

"మల్లాపూర్ రోడ్డు మీదికెల్లి తిరిగి రావాలె. ఈ ముసలోళ్ళు నడుస్తరా? జర మీరే సూడున్రి."

మంగతాయారు నవ్వింది. "ఇంతకీ ఎవరికి వేస్తావేంటి, తాతా?"

"గది జెప్తేనే తాళం తీస్తరా, అమ్మా?"

ఆ ఎదురుప్రశ్న అచ్యుతరావుకు నచ్చలేదు.

"రూలంటే రూలే," అని లోపలికి వెళ్ళిపోయారు.

కొందరు చుట్టూ తిరిగి వచ్చారు. చాలామంది ఇళ్ళకు మళ్ళారు. కాలనీలో సగం మంది సెలవు కదా అని టీవీల ముందు నుంచి కదల్లేదు.

ఓడిన రోజు సాయంత్రం, గెలిచిన అభ్యర్థి మనిషి ఒకడు, తిరుపతి అనేవాడు, మిఠాయి పొట్లంతో వచ్చాడు.

"తినున్రి సార్. మా గెలుపుల మీ చెయ్యి గూడ ఉన్నది."

"వెటకారమా?"

"ఒట్టు సార్. బస్తీల మాకు ఒక్క ఓటు రాదని మస్తు ఫికర్ జేసినం. బిర్యానీ పంపితే వాపస్ పంపిన్రు. ఆదివారం ప్రార్థన అయినంక, మీకే ఎయ్యాలని అందరితోని మాట తీసుకున్నడట ఒక పెద్దాయన. మీ మేడం ఉన్నన్ని దినాలు వాళ్ళ పిల్లలకు చదువు జెప్పిందంట గద."

భార్య తారామణి బతికున్నప్పుడు సాయంత్రాలు గోడ అవతలికి వెళ్ళేదని ఆయనకు తెలుసు. ఎందుకని ఎన్నడూ అడగలేదు.

"ఎవరా పెద్దాయన?"

"ఏలియా. గేటు కాడ కర్ర పట్టుకొని మీతోని మాట్లాడలే? ఆయనే."

అచ్యుతరావు మిఠాయి ముట్టలేదు.

ఏలియా ఉండే సందు ఏదో తర్వాత కనుక్కున్నారు. ఇంకా వెళ్ళలేదు.