అజ్ఞాత వ్యాఖ్య

"బలే ఏకినావన్నా!" అంటూ తిప్పయ్య పేపరు ఊపుకుంటూ దివాకర్ ఇంట్లోకొచ్చాడు. కూర్చోమనకముందే కుర్చీ లాక్కున్నాడు. ఊరిని గుప్పిట్లో పెట్టుకున్న నాగప్ప మనిషి కదా, ఎవరింట్లో కుర్చీ అయినా అతనిదే.

ఆ ఆదివారం జిల్లా పేజీలో విలేకరి దివాకర్ వ్యాసం వచ్చింది. బ్లాగులంటే పనిలేనివాళ్ళ కాలక్షేపమనీ, పేరూ ఊరూ చెప్పుకునే ధైర్యం లేని రాతలనీ దులిపేశాడు. అందులోనూ 'పల్లేరుకాయ' అనే బ్లాగును మరీను.

కుందుర్పి దారిలో చెరువు ఎండిపోతే, నాగప్ప దాని కడుపులోనే బోర్లు దించాడు. చుట్టుపక్కల రైతుల బావులు ఎండి నోళ్ళు తెరిచాయి. దివాకర్ పేపరుతో సహా ఏ పేపరూ వేయని ఆ సంగతిని ఫొటోలతో సహా బయటపెట్టింది పల్లేరుకాయే. నెట్ సెంటర్లలో కుర్రాళ్ళు ప్రింటు తీసుకుని మరీ చదువుతున్నారు.

దివాకర్ భార్య హేమ మజ్జిగ తెచ్చింది.

"నువ్వూ బ్లాగులు చూస్తావా వదినా?"

"వంటలవి చూస్తానప్పా. ఉప్పెంతో కూడా సరిగ్గా రాసి చావరు."

తిప్పయ్య నవ్వాడు. ఆ నవ్వుతోనే దివాకర్ వైపు తిరిగాడు.

"ఆ పల్లేరుకాయగాడు యాడుంటాడో మా అన్నకు కావాలన్నా. హైదరాబాదులో కంప్యూటరు బాగా తెలిసినోన్ని పెట్టినాడు. పేరు దొరికితే చాలు. రాసే వేళ్ళు ఉండవు."

"నాకు తెలిస్తే చెప్పనా?" అన్నాడు దివాకర్.

తిప్పయ్య వెళ్ళిపోయాడు. అతని బండి చప్పుడు వీధి మలుపు తిరిగింది. హేమ కిటికీ రెక్క మూసింది.

"ఏమండీ, ఆ రాసేవాళ్ళు మానుకుంటే వీళ్ళు వదిలేస్తారా?"

"మానుకుంటే ఇంకెవురు ఎతుకుతారు? నాగప్పకు అది కంటికి కనపడకుంటే చాలు. కానీ మానుకోరు. రాసేటోళ్ళకు పొగరు."

"నిన్న అందులో ఎవరో అజ్ఞాత పేరుతో వ్యాఖ్య పెట్టినారంట. 'నీ ఇంటి ముందర మునగచెట్టు ఉండాది, చూసినాము' అని."

దివాకర్ గిరుక్కున తిరిగాడు. "నీకెవరు చెప్పినారు?"

"పక్కింటి నందిని. నెట్ సెంటర్లో అదే మాటంట."

ఆమె ముఖాన్ని కాసేపు పరీక్షగా చూశాడు.

"ఈ ఊర్లో మునగచెట్టు లేని ఇల్లు యాడుంది?" అని గొణిగి, చొక్కా తగిలించుకుని ఆఫీసుకు పోయాడు.

హేమ తలుపు గడియ పెట్టి కంప్యూటరు ముందు కూర్చుంది.

ఒక్క అజ్ఞాత వ్యాఖ్యకే హడలి బ్లాగు మూసేసుకున్న వాళ్ళను చాలామందిని చూసింది. మొన్నటికి మొన్న ఒకావిడ ఆవకాయ మీద గొడవకే దుకాణం కట్టేసింది. పల్లేరుకాయ మాత్రం మూతపడలేదు. పొద్దున్నే కొత్త టపా వచ్చింది. చివర, రేపు నాగప్ప మింగిన ఇంకో చెరువు సంగతి రాస్తానని కూడా ఉంది.

హైదరాబాదులో కూర్చున్న ఆ మనిషికి ఇంకెన్నాళ్ళు పడుతుంది? వాళ్ళు గుమ్మంలోకి వచ్చేలోగానే ఇది ఆగిపోవాలి.

వీధిలో ఏదో బండి ఆగింది. కిటికీ సందులోంచి చూసింది. మళ్ళీ కదిలిపోయింది.

'నీ పెండ్లాం పేరు హేమ, ఈ రోజుతో ఆపేయ్' అని టైపు చేసి, నిన్నటి మునగచెట్టు వ్యాఖ్యకు నొక్కినట్టే అజ్ఞాత అన్నచోట నొక్కి, మొగుడి బ్లాగులోకి వదిలింది.