నల్లోడి రెండో డబ్బా

"మళ్ళీ నల్లోడిదేనామ్మా?" అన్నాడు పశువుల ఆసుపత్రి కాంపౌండరు, టైలరమ్మ బల్ల మీద పెట్టిన చిన్న డబ్బా చూసి.

"మా కుక్కదే బాబూ. మందు వేసినా కడుపులో పురుగులు పోలేదు. తిన్నదంతా కక్కేస్తున్నాడు. డాక్టరుగారు మలం పరీక్షకి తెమ్మన్నారు." రాత్రంతా వాడి కక్కు తుడిచి తుడిచి ఆమె నడుం పడిపోయింది.

"మరి ఇదెవరు తెచ్చినట్టు?" కాంపౌండరు ఇంకో డబ్బా చూపించాడు. దాని మీదా 'నల్లోడు' అనే రాసి ఉంది.

వెనక బెంచీ మీంచి ఆమె మొగుడు చెయ్యెత్తాడు. రాత్రి డ్యూటీ ముగించి లారీ దిగి, పెరటి వైపు నుంచి ఇంటికెళ్ళి, అటునుంచి ఇటే వచ్చినట్టున్నాడు. ఒంటి మీద ఖాకీ చొక్కా అలాగే ఉంది.

"మీరా! మీకెవరు చెప్పారు?"

"నిన్న మధ్యాహ్నం నువ్వు మీ అక్కతో ఫోన్లో చెప్తుంటే విన్నా."

"గుర్రుపెట్టి నిద్రపోతున్నారనుకున్నా!"

"వాడలా మూలుగుతుంటే నిద్రెలా పడుతుంది? కళ్ళు మూసుకున్నానంతే."

కుక్క చస్తున్నా ఆయనకి చీమ కుట్టినట్టయినా ఉండదే అక్కా, అని కూడా ఆమె నిన్న ఫోన్లో అంది.

"అంతా విన్నారా?"

"విన్నాలే," అని ఆయన బెంచీ మీద కాస్త పక్కకి జరిగాడు.

"ఒకటి చాలమ్మా. ఏది చూడమంటారు?" అన్నాడు కాంపౌండరు.

"ఆయన తెచ్చిందే చూడండి."

తన డబ్బా చెత్తబుట్టలో పడేసి, చేతులు కడుక్కొని వచ్చి ఆయన పక్కన కూలబడింది.

కాసేపటికి గురక మొదలైంది. ఆమెదే.