నాలుగో భుజం

పెట్టెకు నాలుగు మూలలు. మోయడానికి ముగ్గురే ఉన్నారు.

కోరుట్లలోని ఆ వాడలో మగవాళ్లకు కరువేం లేదు. చర్చి సంఘంలో సగం మంది గల్ఫ్‌లో ఉన్నా మిగిలిన సగం వచ్చారు. వచ్చి, గల్లీకి ఈ పక్క కొందరు, ఆ పక్క కొందరు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

మధ్యలో పెట్టెలో మల్లవ్వ ఉంది. బీడీలు చుట్టి బతికిన ఒంటరి మనిషి. సంఘంలో ఎవరికి జ్వరమొచ్చినా పేరు పెట్టి ప్రార్థన చేసిన ముసలామె.

చర్చి వాచ్‌మన్‌తో కలిసి ముందు మూలలు పట్టుకున్న పాస్టర్ జగదీశ్ రెండు పక్కలా చూశాడు.

"లక్ష్మీరాజం అన్నా, జర ఓ చెయ్యెయ్యి."

"గాయన పట్టిన పెట్టెను నేను పట్ట," అన్నాడు లక్ష్మీరాజం, వెనక మూలలో ఉన్న పరశురాములును చూపిస్తూ. "ముందుగాల ఆ తీర్మానం చింపుమను. అప్పుడస్త."

"చింపుడేంది? వాక్యంల ఉన్నదే రాసిన. ఆ మూల మీ దిక్కోళ్లదే, మావోళ్లు ముట్టరు," అన్నాడు సంఘ పెద్ద పరశురాములు.

గొడవంతా ఒక ఫోటోతో మొదలైంది. హైదరాబాద్‌లో ఇద్దరు మగపిల్లలు పెళ్లిదండలు మార్చుకున్న ఫోటో. అందులో ఒకడు సిరిసిల్లలోని క్రైస్తవుల ఇంటి పిల్లవాడట. ఫోను నుంచి ఫోనుకు తిరిగి కోరుట్ల చేరేసరికి ఎవరో ఆ ముఖాల మీద ఎర్రగా ఇంటూ గుర్తులు గీశారు. వాళ్ల ముఖాలు చూసినవాళ్లు లేరు, వాళ్ల గురించి మాట్లాడనివాళ్లూ లేరు.

పైగా ఎన్నికల రోజులు. ఇలాంటి పెళ్లిళ్లు వద్దని తీర్మానం రాసి, దాని మీద సంఘమంతా సంతకాలు చేసి నాయకులకు ఇవ్వాలని పరశురాములు పట్టుబట్టాడు.

"మన ప్రార్థనలు ఆపిన పార్టీవోళ్లే రేపు ఆ కాగితం పట్టుకొని ఓట్లడుగుతరు. అయినా ఒగలకు తీర్పు చెప్పనీకి మనమెవ్వరం?" అన్నాడు లక్ష్మీరాజం.

పరశురాములు మాట్లాడితే జగదీశ్‌కు అదే నిజమనిపించేది. లక్ష్మీరాజం నోరు తెరవగానే ఇదీ నిజమే కదా అనిపించేది. బైబిలు తీస్తే ఇద్దరు చూపించిన వాక్యాలూ అందులోనే ఉన్నాయి. పాపం, తలూపి తలూపి ఆయన మెడ నొప్పి పుట్టిందే గాని ఏ దారీ కనబడలేదు.

ఆ మీటింగులోనే మల్లవ్వ లేచి నిలబడింది.

"గా పిలగాని పేరేంది?"

"పేరెందుకు అవ్వా నీకు?" అన్నారెవరో.

"పేరు తెల్వకుంట ప్రార్థన ఎట్ల జేస్తరు కొడుకా?"

కొన్నాళ్లుగా ముఖాలు మాడ్చుకున్న రెండు జట్లూ కలిసి నవ్వింది ఆ ఒక్కసారే. జగదీశ్ కూడా నవ్వి, కనుక్కొని చెప్తానన్నాడు. తర్వాత ఆ సంగతే మరిచిపోయాడు.

ఇప్పుడు ఎండ ముదురుతోంది. సమాధుల దగ్గరికి పసుపు చేల గట్టు మీద నడిచే పోవాలి, బండి పోదు. మల్లవ్వను ఇలా గల్లీలోనే ఉంచేస్తామా అనుకునేసరికి జగదీశ్‌కు ఏడుపొచ్చినంత పనైంది.

అప్పుడు జనం వెనక నుంచి ఒక యువకుడు వచ్చాడు. కొత్త ముఖం. భుజానికున్న సంచి అరుగు మీద పెట్టాడు. చెప్పులు విడిచాడు. పరశురాములు పక్కన ఖాళీగా ఉన్న మూల కింద భుజం పెట్టాడు.

"లేపుండ్రన్నా," అన్నాడు.

పెట్టె లేచింది.

నాలుగడుగులు వేశాక పరశురాములు ఆరా తీశాడు. "ఎవరు తమ్మీ నువ్వు? లక్ష్మీరాజం దిక్కా?"

"ఎవరి దిక్కు గాదు కాకా. అవ్వ కోసమచ్చిన."

వెనక వస్తున్న లక్ష్మీరాజం మాత్రం పక్కవాడి చెవిలో, "పార్టీవోళ్లు పంపిన మనిషే," అన్నాడు. ఏ దిక్కూ కాని మనిషి కూడా ఉంటాడని ఆ పూట ఎవరికీ తోచలేదు.

గట్టు ఇరుకైన చోట పరశురాములు కాలు జారింది. పెట్టె ఒరిగిపోయేదే. యువకుడు రెండో చెయ్యి చాచి ఆ మూలను కూడా ఆపాడు. ముసలాయన నిలదొక్కుకునేదాకా రెండు మూలలూ అతనే మోశాడు.

గుంత దగ్గర అందరూ తలా పిడికెడు మన్ను వేశారు. అతను మన్ను వేసి చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. కళ్లు తుడుచుకుంటుంటే పరశురాములు వచ్చి వీపు తట్టాడు.

"గిసొంటి పిలగాండ్లు గావాలె సంఘానికి. ఏ చర్చికి పోతవ్ తమ్మీ?"

"ఇప్పుడైతే యాడికి పోతలేను కాకా."

"మా చర్చికి రా. నిన్ను కాదనేటోడెవడు?"

అతను నవ్వబోయి ఆగిపోయాడు.

బస్టాండు దాకా జగదీశే బండి మీద తీసుకెళ్లాడు. సిరిసిల్ల బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది.

"అవ్వ నీకు చుట్టమా తమ్మీ?"

"కాదన్నా. పోయిన నెల ఎండలవడి గల్లీ గల్లీ తిరిగి, మా ఇల్లు దేవులాడుకుంట అచ్చింది. అప్పటిసంది ఆదివారమైతే ఫోన్ జేసేది. నిన్న జెయ్యలే. నేనే జేస్తే పక్కింటామె ఎత్తి ఇట్లయిందని చెప్పింది."

"ఇంతకు మీ ఇంటికెందుకచ్చింది?"

"నా పేరడగనీకి."

కండక్టర్ విజిల్ వేశాడు. అతను ఎక్కేశాడు.

ఒక పేరు అడగడానికి ముసలామె సిరిసిల్ల దాకా పోవడమేమిటో జగదీశ్‌కు అంతుబట్టలేదు. బండి స్టార్ట్ చేయబోయాడు. మీటింగులో మల్లవ్వ లేచి నిలబడటం, తామంతా నవ్వడం కళ్ల ముందు కదిలాయి.

ఎర్ర గీతల కింద తామెవరూ చూడని ముఖం పొద్దున్నుంచీ తమతో నడిచిందని, మల్లవ్వ అడిగిన ఆ పేరును తాను ఇవాళ కూడా అడగలేదని ఆయనకు అర్థమయ్యేసరికి బస్సు మలుపు తిరిగిపోయింది.