మింగుడుపడని ముద్ద

"ఇంకోసారి ఆలోచించుకోండి ఐలీ గారూ. గుండె ఆగితే మళ్లీ దానంతటదే కొట్టుకుంటుందని నేను మాటివ్వలేను," అంది డాక్టర్ బోద్రీ.

"పరీక్ష మొదలుపెట్టండి," అంది ఐలీ.

ఆసుపత్రి మంచం మీద అరవై రెండేళ్ల ఐలీ ఒంటినిండా వైర్లు. ఎదురుగా చక్రాల కుర్చీలో, కాలికి కట్టుతో మార్తా. గుమ్మం దగ్గర కేసు చూస్తున్న పోలీసు అధికారి, డిప్యూటీ షెరీఫ్ కంగస్. కిటికీ అవతల మిషిగన్ మంచు.

పది రోజుల కిందట పొద్దున్నే ఐలీ వాళ్ల ట్రక్కు, ఉత్తరాల డబ్బా దగ్గర నిలబడ్డ మార్తాను వెనకనుంచి గుద్దేసింది. నడుపుతూ రొట్టెముక్క మింగగానే తనకు స్పృహ తప్పిందని ఐలీ వాంగ్మూలం ఇచ్చింది. ఊళ్లో ఎవరూ నమ్మలేదు.

"మీ చేత ఊదించి చూశాను, చుక్క మందు లేదు. ఆ రోజు రోడ్డు పొడిగానే ఉంది. బ్రేకు వేసిన గుర్తు లేదు," అన్నాడు కంగస్. "మింగితే మూర్ఛ ఏమిటండీ? మా నానమ్మ కూడా ఇలాంటి కథ చెప్పలేదు."

"ఫోన్ చూసుకుంటూ నడిపుంటుంది," మార్తా గొణిగింది. "నలభై ఏళ్ల స్నేహం. నిజం చెప్పుంటే ఎప్పుడో క్షమించేదాన్ని."

"అరుదే కానీ, ఉంది," అంది డాక్టర్. "గుండె వేగాన్ని తగ్గించే నరం అన్నవాహిక పక్కనుంచే వెళ్తుంది. కొందరికి ముద్ద దిగగానే అది ఉలిక్కిపడి గుండెను ఆపేస్తుంది."

ఐలీ భర్త రేనో ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "వద్దే. తప్పు ఒప్పేసుకుందాం."

"నోరు మూసుకుని కూర్చో."

మొదట చల్లటి నీళ్లు తాగింది. ఏమీ కాలేదు. మెత్తటి రొట్టె తింది. మానిటర్ తాపీగా కూస్తూనే ఉంది. కంగస్ నోటుబుక్కు మూసేశాడు.

ఐలీ మొహం పాలిపోయింది. "గట్టిది ఇవ్వండి. పెద్దది."

"చచ్చిపోతావే!" రేనో లేచి నిలబడ్డాడు.

ఆమె సగం నమిలి, కళ్లు మూసుకుని మింగేసింది.

కూత ఆగింది. తల పక్కకి వాలిపోయింది.

"మూడు... నాలుగు... ఐదు..." డాక్టర్ లెక్కపెడుతోంది. నర్సు సూదిమందు అందుకుంది. "ఏడు..."

మళ్లీ కూత. ఐలీ కళ్లు తెరిచి కంగస్ కోసం వెతికింది.

"చూశారా?"

కంగస్ టోపీ తీశాడు. "క్షమించండి. ఇది నేరం కాదు, జబ్బు. కేసు మూసేస్తాను."

"గుండె ఆగకుండా కొట్టించే పేస్‌మేకర్ పెట్టాలి," అంది డాక్టర్. "నేను చెప్పేదాకా మీరు స్టీరింగు ముట్టుకోకూడదు."

మార్తా కుర్చీ జరుపుకుంటూ వచ్చి ఐలీ చెయ్యి అందుకుంది. కళ్లనిండా నీళ్లు. "అనరాని మాటలన్నానే నిన్ను. ఇకమీదట నువ్వు పక్కన హాయిగా కూర్చో. బండి రేనో నడుపుతాడు."

రేనో తలెత్తలేదు.

ఆ పొద్దున తాగి బండి నడిపింది రేనో.