దొరగారు బయట తింటారు

మధ్యాహ్నం భోజనాలయ్యాక సంపూర్ణమ్మ గారు ముందుగదిలో కిటికీ తలుపులు మూసేస్తారు. టీవీ వెలుగుతుంది. పొగమంచు, కొండ మీద కోట, కిర్రుమంటూ తెరుచుకునే తలుపు. నల్ల అంగీ తొడుక్కున్న దొరగారు మెట్లు దిగుతూ వస్తాడు.

పాత నలుపు తెలుపు వాంపైర్ సినిమాలంటే ఆవిడకి ప్రాణం. రామచంద్రపురం మిషన్ స్కూల్లో కుట్టుపని టీచరుగా చేసి రిటైరయ్యారు. కాబట్టి ముందు ఆ అంగీ నచ్చింది. ఆ కాలరు నిలబెట్టడం సామాన్యమైన పని కాదంటారు. లోపలి లైనింగు ఎర్ర సిల్కేనని ఆవిడే తేల్చేశారు. తర్వాత మిగతావీ నచ్చాయి. ఇప్పటి సినిమాల్లా బకెట్లకొద్దీ రక్తం ఉండదు. దొరగారు అమ్మాయి మెడ మీదికి వంగుతాడు, అంగీ అడ్డం వస్తుంది. మిగతాది మనమే ఊహించుకుని భయపడాలి.

సంఘంలో పెద్దావిడ దయ్యాల సినిమాలు చూడడమేంటని పాస్టరు ప్రసన్నకుమార్ గారు ఒకసారి మెల్లగా మందలించారు.

"సిలువ చూపిస్తే దయ్యం గజగజలాడిపోయే సినిమాలండి అయ్యగారూ. మన సినిమాల్లో సిలువకి అంత పనెక్కడుందండి?" అన్నారావిడ.

అయ్యగారు టీ తాగి వెళ్ళిపోయారు.

ఆ మధ్య పక్కింట్లోకి భీమవరం వైపు నుంచి ఒక రాజుల కుటుంబం వచ్చింది. ఇంటాయన వెంకటేష్ గారికి రొయ్యల చెరువుల వ్యాపారం. వాళ్ళమ్మ వరలక్ష్మమ్మ గారు భర్త జగన్నాథరాజు గారు పోయిన దగ్గర్నుంచీ ఎవరితోనూ మాట్లాడడం లేదు. గదిలోంచి బయటికి రారు. పెట్టింది నాలుగు మెతుకులు కెలికి వదిలేస్తారు. కోడలు గోడ దగ్గర నిలబడి ఈ సంగతి చెప్పుకుని కళ్ళు తుడుచుకుంది.

మర్నాడు సంపూర్ణమ్మ గారు వెళ్ళి ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి టీవీ ముందు కూర్చోబెట్టారు.

సినిమా మొదలైంది. అంతా ఇంగ్లీషు. వరలక్ష్మమ్మ గారు ఉలుకూ పలుకూ లేకుండా చూస్తున్నారు. సంపూర్ణమ్మ గారికి జాలేసింది. పొలాలూ పాడీ ఉన్న ఇల్లు, వంటిల్లు దాటి ఎరిగి ఉండరు, ఈ గోలంతా ఆవిడకేం తెలుస్తుంది అనుకున్నారు.

"మాటలు నేను తెలుగులో చెబుతానుండండి" అన్నారు.

వరలక్ష్మమ్మ గారు తల తిప్పి చూశారు. "చెప్పండి" అన్నారు. ఆ రోజంతటికీ ఆవిడ నోటివెంట వచ్చిన మొదటి మాట అది.

చిక్కేమిటంటే, టేపు, బాబిన్, బటన్‌హోల్ దాటితే సంపూర్ణమ్మ గారికి కూడా ఇంగ్లీషు రాదు. ఇన్నాళ్ళూ బొమ్మ చూసి అర్థం చేసుకుంటున్నారు, అంతే. కానీ మాటిచ్చేశారు. దొరగారు నోరు తెరిచినప్పుడల్లా ఆవిడా తెరిచారు.

తెర మీద పొడుగాటి బల్ల. కోటకి వచ్చిన చుట్టం ఒక్కడే తింటున్నాడు. దొరగారు పక్కన నిలబడి గంభీరంగా ఏదో అన్నాడు.

"మీరు కానివ్వండి, నేను బయట తింటాను అంటున్నారండి" అన్నారు సంపూర్ణమ్మ గారు.

వరలక్ష్మమ్మ గారు పకపకా నవ్వారు. ఆ నవ్వు విని పక్కింట్లో కోడలు చేతిలో గరిటెతో గోడ దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

ఆ తర్వాత రోజూ అదే కాలక్షేపం. దొరగారు అచ్చంగా గోదావరి మర్యాద నేర్చుకున్నాడు. అమ్మాయి గది కిటికీ అవతల నిలబడి, లోపలికి రావచ్చా అండి అని అడిగాడు. పిలవందే గడప తొక్కడు. వెంట పడి తరిమే ముసలి డాక్టరు కాస్తా సంబంధం చెడగొట్టడానికి దిగిన మేనమామ అయ్యాడు. ఆఖర్న తెల్లవారి ఎండ పడి దొరగారు కూలిపోయేటప్పుడు సంపూర్ణమ్మ గారు గొంతు తగ్గించి చెప్పారు.

"అంత కోటలో ఒక్కణ్ణే అండి. పక్కన కూర్చుని తినేవాళ్ళు లేరు. అందుకే ఎవరో ఒకరి కిటికీ దగ్గరికి వెళ్ళేవాణ్ణి."

వరలక్ష్మమ్మ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏడ్చారు. భర్త పోయినప్పుడు కూడా ఏడవని మనిషి. ఆ సాయంత్రం కోడల్ని అడిగి మరీ అన్నం పెట్టించుకున్నారు. మర్నాడు వచ్చి, మళ్ళీ అదే సినిమా పెట్టమన్నారు.

"నిన్న ఇదే చోట వేరేగా చెప్పారు కదండీ" అన్నారు సగంలో.

సంపూర్ణమ్మ గారు తడుముకున్నారు. "ఇంగ్లీషులో ఒక్కో మాటకి రెండేసి అర్థాలుంటాయండి."

"అది మాత్రం నిజమేనండి" అన్నారు వరలక్ష్మమ్మ గారు.

ఇలా సాగుతుండగా సెలవులకి వరలక్ష్మమ్మ గారి మనవరాలు భానుశ్రీ వచ్చింది. విశాఖపట్నంలో ఇంజనీరింగ్ చదువుతోంది. నాయనమ్మని ఇంతగా మార్చిన సినిమా తనూ చూస్తానని ఒక మధ్యాహ్నం వెంట వచ్చి కూర్చుంది.

సంపూర్ణమ్మ గారు ఇరకాటంలో పడ్డారు. చదువుకున్న పిల్ల ముందు నోరెలా తెరవడం? దొరగారు మాట్లాడాడు. ఆవిడ మంచినీళ్ళు తేవడానికి లేచారు. దొరగారు మళ్ళీ మాట్లాడాడు. ఆవిడ అరటిపండు ఒలిచి భానుశ్రీ చేతిలో పెట్టారు.

"ఏమంటున్నారండి దొరగారు?" అని అడిగారు వరలక్ష్మమ్మ గారు.

ఇక దాచలేకపోయారు. టీవీ ఆపేశారు. తనకి ఇంగ్లీషు రాదనీ, ఇన్నాళ్ళూ చెప్పిందంతా సొంతంగా అల్లిందేననీ, మోసం చేయాలని కాదనీ తల దించుకునే చెప్పేశారు. రేపట్నుంచి ఈ పక్క కుర్చీ ఖాళీయే అనుకున్నారు.

"ఇకనుంచి అమ్మాయి చెబుతుందిలెండి. ఉన్నది ఉన్నట్టు చెబుతుంది" అన్నారు.

భానుశ్రీ తెల్లబోయి ఒకసారి నాయనమ్మ వైపు, ఒకసారి సంపూర్ణమ్మ గారి వైపు చూసింది.

"నేను చెప్పడమేంటండి, భీమవరంలో కాలేజీ పిల్లలకి ఇంగ్లీషు పాఠాలు చెప్పి చెప్పి రిటైరైంది మా నాయనమ్మే కదండీ!"