కింది అర

భార్య సవేతాను డాన్యూబ్ నది మింగింది. ఆ నదిని లాజర్ క్షమించలేదు. ఊరంతా చేపల పులుసు మీద బతికే చోట, ముప్పై ఏడేళ్ళుగా ఒక్క చేప ముట్టలేదు.

అవతలి ఒడ్డు రుమేనియా. అక్కడ బతకలేక జనం నది ఈది పారిపోయి వచ్చే రోజులవి. మొగుడూ పెళ్ళాం నడుములకు ఒకే తాడు కట్టుకుని నీళ్ళలోకి దిగారు. ఇవతల, సెర్బియా వైపు, ఫెతిస్లామ్ కోట గోడ కింద లాజర్ ఒక్కడే తేలాడు. తాడు లాగితే ఖాళీగా వచ్చింది. తెగిపోయిందని చెప్పాడు. ఆ తాడును ఎవరికీ చూపించకుండా ఆ వారమే పొయ్యిలో పెట్టేశాడు. రెండో పెళ్ళి మాటెత్తినవాళ్ళతో మాట్లాడటం మానేశాడు.

ఆ కోటలోనే తోటపని చేస్తూ ముసలివాడయ్యాడు. నది వైపు గుమ్మం పక్కన తనే ఒక రేకు పెట్టె చేసి పెట్టాడు, చర్చిలో ఉండేలాంటిదే. రెండు అరలు, రెండింటిలోనూ ఇసుక. పై అర బతికున్నవాళ్ళ కొవ్వొత్తులకి, కింది అర పోయినవాళ్ళకి. రోజూ పొద్దున్నే కింది అరలో సవేతాకి ఒకటి వెలిగించాకే పార పట్టేవాడు.

ఆ రోజు టికెట్లమ్మే దుషాంకా హడావిడిగా వచ్చి ఓ కొవ్వొత్తి గుచ్చింది.

"కింద పెట్టావేమే? ఎవరికది?"

"మా ఆయనకి బాబాయ్. ఇవాళ లారీ లైసెన్సు పరీక్ష."

"బతికున్న మొగుణ్ణి పాతిపెడుతున్నావు. తీసి పైన పెట్టు."

"అయ్యో!" దుషాంకా నాలిక్కరుచుకుని కొవ్వొత్తి మార్చింది. "నాలుగోసారి వెళుతున్నాడులే. ఎక్కడ పెట్టినా ఆ లారీ ముందుకి కదలదు."

అప్పుడే రుమేనియా నుంచి బస్సు వచ్చింది. దిగినవాళ్ళంతా బురుజుల కేసి, ఫోటోల కేసి పరిగెత్తారు. ఒకామె మాత్రం వెనకబడింది. అరవై దాటిన మనిషి. తలకి నీలం రుమాలు. కోట వైపు చూడనైనా లేదు. తిన్నగా నది గుమ్మం దగ్గరికొచ్చి, రేకు పెట్టె ముందు ఆగింది.

"కింద వెలుగుతున్నది ఎవరికి?" రుమేనియా భాషలో అడిగింది.

లాజర్ పార గోడకి ఆనించాడు. టోపీ తీశాడు.

"నా భార్యకి. నదిలో పోయింది."

"ఈత రాదా?"

"నాకంటే బాగా వచ్చు."

"మరి?"

"తాడు తెగింది."

"తెగిందా?"

"తెగిందంటున్నా కదా."

ఆమె తన చేతులకేసి చూసుకుంది. "పాత తాడేమో."

"అంతే. పాతది."

నది మీంచి గాలి లేచింది. కొవ్వొత్తి రెపరెపలాడి నిలబడింది.

"అవతల ఆమెకి ఎవరూ లేరా?"

"తల్లి ఉండేది, మంచంలో. ముసలిది నెల తిరక్కుండా పోతుంది, దాని కోసం ఆగితే మనం కూడా ఇక్కడే కుళ్ళిపోతాం, పద అన్నాను."

"పదకొండేళ్ళు బతికింది," అందామె. "పక్క మీద తిప్పడానికి కూడా ఒక మనిషి కావాల్సి వచ్చేది."

ఎలా తెలుసని లాజర్ అడగలేదు.

"అటునుంచి ఒక్క ఉత్తరం రాలేదు," అన్నాడు.

"ఎవరు రాస్తారు? ఇవతల ఆమెకి కొవ్వొత్తి వెలుగుతోందని అవతల అందరికీ తెలుసు. పోయిన మనిషి ఉత్తరం రాయదుగా."

బస్సు హారన్ మోగింది. ఆమె కదిలింది. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"టోపీ పెట్టుకో. చెవిపోటు వస్తుంది."

బస్సు వంతెన మలుపు దాటేదాకా లాజర్ కదల్లేదు. టోపీ చేతిలోనే ఉంది.

దుషాంకా పరిగెత్తుకొచ్చింది. వాళ్ళ మాటలు ఆమె చెవిన పడ్డా, ఆ భాష ఆమెకి రాదు.

"ఏడుస్తూ ఎక్కింది బాబాయ్ ఆవిడ! ఏమన్నావేంటి? ఎవరావిడ?"

"బస్సులో వచ్చిన మనిషి. ఈ మాట ఇంకెప్పుడూ నా దగ్గర ఎత్తకు, నేనూ ఎత్తను," అని లాజర్ వంగి, కింది అరలో సవేతాకి వెలుగుతున్న కొవ్వొత్తిని ఆరిపోకుండా చెయ్యి అడ్డం పెట్టి తీసి, పై అర ఇసుకలో గుచ్చాడు.