పన్నెండో పుంజు

“ఆ ఎర్ర జుట్టుది తియ్యమ్మా. పోయినేడు కొన్నదానికి బొత్తిగా చురుకు లేదు,” అన్నాడు విల్ఫ్రెడో, మీద పడుతున్న జనాన్ని మోచేత్తో నెడుతూ.

“పుంజుకి చురుకెందుకన్నయ్యా? నేను చేసుకోబోయేది దాన్ని కాదుగా,” అంది డెల్ఫీనా.

అలసీత సంత. లాపాజ్ ఊరు ఊరంతా ఆ ఒక్క వీధిలోకే దిగినట్టుంది. పైన తుంపర, కింద బురద. ఆ ఏడు ఏం కావాలో దాని బుల్లి బొమ్మ కొని, సరిగ్గా మధ్యాహ్నం పన్నెండింటికి ధూపం పట్టిస్తే నిజమైంది ఇంటికొస్తుంది. ఇల్లు కావలసినవాడికి అగ్గిపెట్టెంత ఇల్లు. లారీ కావలసినవాడికి వేలెడంత లారీ. పెళ్ళి కావలసిన ఆడదానికి ప్లాస్టర్ కోడిపుంజు.

“సొంతంగా కొనుక్కుంటే పనిచెయ్యదు, ఇంకొకరు ఇవ్వాలి,” అంది కొట్టామె. “గంటలు మోగేటప్పుడు చేతిలో ఉండాలి.”

“మాకు తెలీదా? ఇది పన్నెండోది!” అన్నాడు విల్ఫ్రెడో.

మిగతా పదకొండూ ఇంట్లో బీరువా మీద వరసగా నిలబడి ఉన్నాయి. పొద్దున్నే కూయకపోవడం ఒక్కటే తక్కువ.

డెల్ఫీనాకి ముప్ఫై తొమ్మిది. శాంతాక్రూజ్‌లో స్నేహితురాలు కుట్టు దుకాణం పెట్టి, “వచ్చెయ్యవే, ఇద్దరం నడుపుదాం,” అంటోంది. రేపటికల్లా ఏదో ఒకటి చెప్పమంది. పెళ్ళికాని పిల్లని ఊరు దాటనివ్వనంటుంది వాళ్ళమ్మ సతుర్నీనా. దాటనిచ్చినా డెల్ఫీనా వెళ్ళగలిగేది కాదు. నాన్న లేడు. మోకాళ్ళ నొప్పులతో లాపాజ్ చలిలో అమ్మ ఒక్కతీ ఎలా ఉంటుంది? అన్నయ్య ఇంట్లోనా, వదిన పుట్టింటివాళ్ళే ఎనిమిదిమంది.

“ఇదే ఆఖరుదమ్మా,” అని పొద్దున మినీబస్సు ఎక్కుతూనే చెప్పింది. “వచ్చేడు నేను రాను.”

“వచ్చేడు రానక్కర్లేకుండానే కదా ఇది కొంటున్నది!” అంది సతుర్నీనా.

మొదటి గంట మోగింది. జనం ఒక్కసారిగా ధూపం కుండల మీదికి ఎగబడ్డారు. విల్ఫ్రెడో తలల మీదుగా పుంజుని చాచాడు.

“అందుకోవే! త్వరగా!”

డెల్ఫీనా ఒక చంకలో నిద్రపోతున్న మేనకోడలు, రెండో చేతిలో వేరుశనగ సూప్ గిన్నె.

“నాకు మూడో చెయ్యి లేదు. అమ్మా, నువ్వు పట్టుకో.”

“నేనా?”

“ఎవరైతేనేం? ఇంటి పుంజే కదా!”

పన్నెండో గంట మోగేసరికి పొగ ముగ్గురినీ కమ్మేసింది. ముగ్గురూ కళ్ళు తుడుచుకున్నారు. సతుర్నీనా పుంజుని శాలువాలో చుట్టుకుంది.

అక్కణ్ణుంచి వదిననీ ఎక్కించుకుని వనభోజనానికి బయల్దేరారు. దిగువ లోయలో ఏటి ఒడ్డు గుడారాల తోటకి రెండు గంటలు. దారిలో బస్సుని బురదలోంచి రెండుసార్లు తోశారు. తీరా వెళ్తే దోమ దూరే చోటు లేదు. చివరికి ఒక పెద్దాయన, ఆయన మేనల్లుడు తమ పొయ్యి పక్కన చోటిచ్చారు. పెద్దాయన పేరు కసియానో. ఆ లోయలోనే పీచ్ తోట. మేనల్లుడు రుపెర్తోకి నలభై దాటాయి. మనిషి గుమ్మమంత ఉన్నాడు, మాట మాత్రం లేదు.

“తడికట్టెలు పెట్టి ఊదుతారేమిటండీ? పొయ్యి వెలగాలా, మీరు ఆరిపోవాలా?” అని సతుర్నీనా ఆయన్ని పక్కకి జరిపి నిమిషంలో మంట లేపింది.

“నీ కుర్చీ తియ్యవయ్యా, గిన్నెకి తగుల్తోంది,” అని డెల్ఫీనా రుపెర్తోని కసిరింది. వాడు తీశాడు.

ఒకే దుప్పటి పరిచి ఎవరి తిండి వాళ్ళు దాని మీద కుమ్మరించారు. పెద్దాయన సూప్ మూడు గిన్నెలు తాగాడు.

“మా చెల్లి వండిందండీ,” అన్నాడు విల్ఫ్రెడో.

డెల్ఫీనా మోసిందే తప్ప వండలేదు. కాదనే ఓపిక కూడా లేక వెళ్ళి ఏట్లో కాళ్ళు పెట్టుకుని కూర్చుంది.

పొద్దు వాలుతుండగా వదిన పరుగెత్తుకొచ్చింది. “ఒసేయ్, జుట్టు సవరించుకో! వాళ్ళు వస్తున్నారు!”

పెద్దాయన తల తడిపి దువ్వుకుని ముందు నడుస్తున్నాడు. వెనక రుపెర్తో, నెత్తిన బీరు పెట్టె, చేతిలో పీచ్ పళ్ళ బుట్ట. పిల్లనడగడానికి వచ్చేవాళ్ళ తీరే అది. విల్ఫ్రెడో చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. సతుర్నీనా టోపీ సర్దుకుని, ఒళ్ళో పుంజుకంటిన బురదని శాలువాతో తుడుస్తూ తలెత్తలేదు.

“ఆలస్యం చెయ్యడం నాకు చేతకాదు బాబూ,” అన్నాడు కసియానో. “మా ఇంట్లో ఇద్దరం మగాళ్ళమే. పొయ్యి వెలిగించడం కూడా రాదు. మీ ఇంటి మనిషిని మా ఇంటికి పంపిస్తారేమోనని అడగడానికి వచ్చాం.”

“ముందే చెప్తున్నానండీ, కోపం కాస్త ఎక్కువ,” అన్నాడు విల్ఫ్రెడో.

“ఆ తిట్లే నచ్చాయి. మా ఇంట్లో తిట్లు వినబడి ఎనిమిదేళ్ళయింది.”

“చలి పడదు తనకి.”

“మా లోయలో చలెక్కడిది?”

డెల్ఫీనా ఏట్లోంచి కాళ్ళు తీసింది. రుపెర్తో వంక చూసింది. వాడు బీరు పెట్టె ఎక్కడ దించాలో తెలియక ఇంకా మోస్తూనే ఉన్నాడు. పన్నెండేళ్ళు, పన్నెండు పుంజులు. ఒక్క ‘సరే’ అంటే ఈ తిరుగుళ్ళు ఆగుతాయి. అమ్మ నిశ్చింతగా నిద్రపోతుంది. శాంతాక్రూజ్ లేకపోతే లేదు. నోరు తెరవబోయింది.

“వయసు గురించి బెంగ పడకండి,” విల్ఫ్రెడో ముందే అందుకున్నాడు. “మా డెల్ఫీనాకి నలభై కూడా నిండలేదు.”

పెద్దాయన తికమకగా మేనల్లుడి వంక చూశాడు. మేనల్లుడు బీరు పెట్టె దించేశాడు.

“నేనడిగేది ఆ పిల్లని కాదు బాబూ, మీ అమ్మని.”